నిల్వ ఉండని మందు: మధుమేహంలో వ్యాయామం నడిచిన దారి

షుగర్ ఉందని తేలిన రోజున వైద్యులు చెప్పే జాగ్రత్తల్లో నడవమనే మాట తప్పకుండా ఉంటుంది. మాత్ర పేరు, మోతాదు, వేసుకోవాల్సిన వేళ చీటీ మీద స్పష్టంగా రాస్తారు గానీ, నడక సంగతి మాత్రం చాలాసార్లు నోటిమాటగానే మిగిలిపోతుంది. ఎంతసేపు, ఎప్పుడు, వారానికి ఎన్ని రోజులు అన్నవి రోగి ఊహకే వదిలేస్తారు. మధుమేహానికి వ్యాయామం మేలు చేస్తుందన్న సంగతి వైద్యానికి చాలా పాతదే. దాని మోతాదు, వేళ తేలడానికే ఇంత కాలం పట్టింది. ఆ చరిత్రను వరుసగా చూస్తే ఒక విషయం బయటపడుతుంది. వ్యాయామం వల్ల రక్తంలోని గ్లూకోజుకు జరిగే మేలులో ఎక్కువ భాగం ఒకటి రెండు రోజులకు మించి నిలవదు. కాబట్టి అది దినచర్యలో కలిసినప్పుడే చికిత్స అవుతుంది. అప్పుడప్పుడూ చేస్తే మంచి సంకల్పంగానే మిగులుతుంది.

మన ప్రాచీన వైద్యులు ఈ రోగానికి మూలాన్ని జీవన విధానంలోనే వెతికారు. మధుమేహాన్ని కూడా కలుపుకున్న ప్రమేహ వ్యాధులకు కారణాలు చెబుతూ చరకసంహిత పెరుగు, కొత్త ధాన్యం, బెల్లపు వంటకాల కంటే ముందు కూర్చునే సుఖాన్ని, నిద్రాసుఖాన్ని పేర్కొంది. సుశ్రుతసంహిత చికిత్సాస్థానం ఇంకో అడుగు ముందుకేసి, పుట్టుకతో వచ్చే ప్రమేహాన్నీ, అపథ్యం వల్ల వచ్చేదాన్నీ వేరు చేసింది. వ్యాయామం, మల్లయుద్ధం, ఏనుగు, గుర్రపు స్వారీ వంటివి రోగికి చెప్పింది. ధనం, బంధువులు లేనివాడైతే చెప్పులూ గొడుగూ లేకుండా, భిక్షాన్నంతో, మునిలా నూరు యోజనాలు నడవాలని, బావి తవ్వాలని కూడా విధించింది. కృశించిన రోగిని మాత్రం కాపాడుకోవాలని హెచ్చరించింది. రెండు రకాల రోగులకు ఒకే కఠిన శ్రమ పనికిరాదన్న ఈ వివేకాన్ని ఆధునిక వైద్యం చాలా కాలం తర్వాత తన దారిలో తాను చేరుకుంది. అయితే ఆ విధిలో ఈనాడు అనుసరించకూడనిదీ ఉంది. షుగర్ వల్ల పాదాలు మొద్దుబారినవాళ్లు చెప్పులు లేకుండా నడిస్తే చిన్న గాయం కూడా పుండుగా మారవచ్చు. పైగా నూరు యోజనాల నడక ఇల్లూ వృత్తీ వదిలి చేసే యాత్ర. ఉద్యోగానికో పొలానికో వెళ్లాల్సినవాడికి అది దినచర్య కాలేదు.

ఐరోపాలో ఈ ఆలోచనకు కొత్త ఊపిరి పోసినవాడు పారిస్ వైద్యుడు అపోలినేర్ బుషార్దా. 1870–71లో ప్రష్యా సైన్యం పారిస్‌ను ముట్టడించినప్పుడు, తిండి కరువైన ఆ నెలల్లో కొందరు రోగుల మూత్రంలో చక్కెర కనిపించకుండా పోవడం ఆయన గమనించాడు. మితాహారంతో పాటు ఒళ్లు వంచి పని చేయడాన్ని కూడా ఆయన చికిత్సలో చేర్చాడు. ఇన్సులిన్ పూర్తిగా కొరవడిన రోగులను మాత్రం శ్రమ ఆదుకోలేకపోయింది. అటువంటివారికి 1921లో టొరొంటోలో వెలికివచ్చిన ఇన్సులినే ప్రాణం పోసింది. తనకే మధుమేహం ఉన్న లండన్ వైద్యుడు ఆర్. డి. లారెన్స్, వ్యాయామం ఇన్సులిన్ పనితీరును పెంచుతుందని 1926లోనే చూపించాడు. అమెరికాలో ఇలియట్ జోస్లిన్ ఆహారం, ఇన్సులిన్, వ్యాయామం మూడూ కలిసి నడవాలని బోధించాడు. అయినా ఇంజెక్షన్‌కూ, 1950లలో వచ్చిన మాత్రలకూ కొలత ఉంది, సరఫరా చేసే పరిశ్రమ ఉంది. నడకకు ఆ రెండూ లేవు. అది చికిత్స హోదా కోల్పోయి హితబోధగా మిగలడానికి ఈ తేడాయే ప్రధాన కారణమని నాకు అనిపిస్తుంది.

కొలత దొరకాలంటే ముందు కండరంలో ఏం జరుగుతుందో తెలియాలి. ఆ అన్వేషణలో ఒక ముఖ్యమైన మెట్టు తెలుగువాడిది. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను గుర్తించాడు. 1929లో, జర్మనీలో కార్ల్ లోమన్ కనుగొన్న కాలంలోనే, వాళ్లిద్దరూ కణాలకు శక్తినందించే ఏటీపీని విడిగా కనుగొన్నారు. కండరం బిగిసినప్పుడల్లా ఖర్చయ్యేది ఈ ఏటీపీయే. ఆ ఖర్చును కణం పసిగట్టినప్పుడు గ్లూకోజును లోపలికి తెచ్చే గ్లూట్-4 అనే ప్రొటీను కణం ఉపరితలానికి చేరుతుందని 1980ల నుంచి సాగిన పరిశోధనలు తేల్చాయి. ఇన్సులిన్ కూడా ఇదే ప్రొటీనును పైకి రప్పిస్తుంది గానీ, దాని దారి వేరు. టైప్-2 మధుమేహంలో ఇన్సులిన్ దారి మందగించినా, కండరం కదలికతో తెరుచుకునే దారి చాలావరకు పని చేస్తూనే ఉంటుంది. నడక మాత్రకు పేలవమైన ప్రత్యామ్నాయం కాదనడానికి ఆధారం ఇదే. దాని పరిమితి కూడా ఆ దశాబ్దంలోనే తెలిసింది. బాగా సాధన చేసినవాళ్లు పది రోజులు వ్యాయామం మానేస్తే ఇన్సులిన్‌కు వాళ్ల శరీరం స్పందించే తీరు బాగా దిగజారిందనీ, మళ్లీ ఒక్కసారి వ్యాయామం చేయగానే చాలావరకు కోలుకుందనీ 1983 నాటి ఒక అధ్యయనం చూపింది. ఏడాదికి సరిపడా ఆవకాయ పెట్టుకున్నట్టు ఈ మేలును జాడీలో దాచుకోలేం.

తర్వాతి కాలంలో పెద్ద ప్రయోగాలు వచ్చాయి. చైనాలోని దాచింగ్ నగరంలో 1986లో మొదలైన అధ్యయనంలో, మధుమేహపు అంచున ఉన్న 577 మందిని ఆరేళ్లు గమనించారు. ప్రత్యేక సలహా ఏదీ లేనివారిలో 67.7 శాతం మందికి, వ్యాయామ బృందంలో 41.1 శాతం మందికి వ్యాధి వచ్చింది. ఆహారం, వ్యాయామం, బరువు మీద కలిపి శ్రద్ధ పెట్టిన ఫిన్లాండ్ (2001), అమెరికా (2002) ప్రయోగాలు రెండింటిలోనూ ముప్పు 58 శాతం తగ్గింది. అమెరికాలో మెట్‌ఫార్మిన్ మాత్రతో తగ్గింది 31 శాతమే. వారానికి 150 నిమిషాల వ్యాయామం అన్న లక్ష్యం జనంలోకి వెళ్లడానికి ఆ ప్రయోగమే పెద్ద ఊతం. చెన్నైలో రామచంద్రన్ బృందం 531 మందిపై చేసి 2006లో వెలువరించిన పరిశోధన మనకు మరింత దగ్గరిది. సాధారణ సలహా పొందినవారిలో 55 శాతం మందికి షుగర్ రాగా, జీవనశైలి మార్చుకున్నవారిలో అది 39.3 శాతం. మెట్‌ఫార్మిన్ జత చేసినా అదనపు ప్రయోజనం కనిపించలేదు. వ్యాధి ఇప్పటికే ఉన్నవారి విషయంలో 2001లో వచ్చిన ఒక సమగ్ర విశ్లేషణ, బరువులో చెప్పుకోదగ్గ మార్పు లేకపోయినా వ్యాయామం వల్ల గత రెండు మూడు నెలల సగటు గ్లూకోజును సూచించే హెచ్‌బీఏ1సీ సుమారు 0.66 శాతం పాయింట్లు తగ్గుతుందని లెక్క తేల్చింది. బరువు తగ్గలేదని నడక మానేసేవాళ్లు గమనించాల్సిన అంకె ఇది.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. మధుమేహం ఉన్న 5,145 మందితో అమెరికాలో సాగిన లుక్ అహెడ్ ప్రయోగంలో తీవ్రమైన జీవనశైలి మార్పుతో కూడా గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గకపోవడంతో 2012లో దాన్ని ఆపేశారు. అయితే వ్యాయామం గొప్ప ఏమిటని అడగవచ్చు. ప్రశ్న న్యాయమైనదే. నడిస్తే చాలు, గుండెకు మందులు అక్కర్లేదన్న భ్రమను ఆ ఫలితం తొలగించాలి కూడా. కానీ ఆ బృందంలో దేహదార్ఢ్యం పెరిగింది, హెచ్‌బీఏ1సీ మెరుగైంది, మందుల అవసరం తగ్గింది. రెండు బృందాల మధ్య తేడాలు మొదటి ఏడాదిలో ఎక్కువగా ఉండి, ఏళ్లు గడిచేకొద్దీ కుంచించుకుపోయాయి. కొనసాగినంత మేరకే ఫలితం అన్న వాదనను ఇది బలపరుస్తుందే తప్ప ఖండించదు.

రెండో అభ్యంతరం మన ఇళ్లలో రోజూ వినిపించేది: పొద్దున లేచింది మొదలు ఇంటి చాకిరీ చేస్తూనే ఉన్నాం, ఇంకా వ్యాయామం ఏమిటి? ఒళ్లొంచి చేసే పనికి విలువ ఉంది. చెన్నై పరిశోధకులు కాయకష్టం చేసేవాళ్లను, రోజూ అరగంట పైగా నడిచేవాళ్లను, సైకిలు తొక్కేవాళ్లను ఆ అలవాటే కొనసాగించమన్నారు. కానీ పొయ్యి దగ్గర గంటలకొద్దీ నిలబడితే కాళ్లు అలసిపోతాయే గానీ, ఊపిరి వేగం పెరిగేంత పని జరగదు. రోళ్ల చోటికి మిక్సీలు, కొడవళ్ల చోటికి వరికోత యంత్రాలు, సైకిళ్ల చోటికి మోటారు బండ్లు వచ్చాయి. పని గంటలు అలాగే ఉన్నా అందులోని శ్రమ కరిగిపోయింది. 2014లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అనే మధుమేహ సర్వే ఫలితాల్లో, పరిశీలించిన వయోజనుల్లో సగానికి పైగా శారీరకంగా చురుకుగా లేనివారే. సరదాకో ఆరోగ్యానికో వ్యాయామం చేసేవారు పది శాతం కూడా లేరు.

దినచర్య ఎలా ఉండాలన్న దానికి ఇటీవలి పరిశోధనలు వేళను కూడా చేర్చాయి. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 41 మంది టైప్-2 రోగులతో చేసి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, రోజుకోసారి అరగంట నడవడం కంటే మూడు పూటలా భోజనం అయ్యాక పది నిమిషాలు నడవడం వల్ల తిన్న తర్వాతి గ్లూకోజు సగటున 12 శాతం తక్కువగా ఉంది. రాత్రి భోజనం తర్వాత ఆ తేడా 22 శాతం. అన్నమే ప్రధానమైన మన భోజనానికి ఇంతకంటే అనువైన సలహా అరుదు. పార్కు లేకపోయినా డాబా మీదో వీధి వరండాలోనో పది నిమిషాలు నడవవచ్చు. 2007లో వచ్చిన కెనడా ప్రయోగం నడక వంటి వ్యాయామానికి బరువులెత్తడం జత చేస్తే ఏదో ఒకటే చేసినదానికంటే హెచ్‌బీఏ1సీ ఎక్కువ తగ్గుతుందని చూపింది. కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం, గోడను ఆనుకుని చేతులతో నెట్టడం ఇందుకు తొలి మెట్లు. ఇన్సులిన్ లేదా షుగర్‌ను బాగా దించే మాత్రలు వాడేవాళ్లు లో షుగర్ రాకుండా చూసుకోవాలి. టైప్-1 రోగులు ఒంట్లో ఇన్సులిన్ చాలక కీటోన్లు పెరిగి ఉన్నప్పుడు వ్యాయామం చేస్తే గ్లూకోజు ఇంకా పైకి పోతుంది. షుగర్ వల్ల కంటి రెటీనా రక్తనాళాలు దెబ్బతిన్నవారు బరువులు ఎత్తేముందు వైద్యుణ్ణి అడగాలి.

ఇన్ని శతాబ్దాల అనుభవంలో ప్రతి తరమూ వ్యాయామాన్ని మెచ్చుకుంది. దాన్ని సాధారణ మనిషి రోజులో ఇమిడే కొలతకు తెచ్చింది మాత్రం ఈ కొన్ని దశాబ్దాలే. ఆదివారం రెండు గంటలు నడిచి మిగతా ఆరు రోజులు కూర్చుంటే గ్లూకోజుకు ఒరిగేది తక్కువ. వ్యాయామం లేకుండా వరసగా రెండు రోజులకు మించి గడవనివ్వవద్దన్న నేటి మార్గదర్శక సూత్రం ఈ జ్ఞానం నుంచే వచ్చింది. కాబట్టి వైద్యుడి చీటీలో మాత్ర పక్కనే నడక నిమిషాలు, వేళ, వారంలో రోజులు కూడా రాయాలి. తర్వాత చూపించుకోవడానికి వచ్చినప్పుడు మాత్ర వేసుకుంటున్నారా అని అడిగినట్టే వాటినీ అడగాలి. చీటీలో మోతాదు కనబడితేనే రోగి కూడా దాన్ని మందుగా లెక్కపెడతాడు.