విటమిన్ ‘పి’ కథ

ముల్లు గుచ్చుకొన్నచోట కొంతసేపటికి చర్మం ఎర్రబారి, వేడెక్కి, వాచి, నొప్పి పెడుతుంది. ఈ నాలుగు లక్షణాలను క్రీస్తుశకం మొదటి శతాబ్దంలోనే రోమను రచయిత సెల్సస్ పేర్కొన్నాడు. ఈ స్థితిని శోథమంటారు. ఇది శరీరరక్షణకు అవసరమైన క్రియయే; కాని మితిమీరితే అదే వ్యాధిగా మారుతుంది. శోథం కలిగినచోట కేశనాళికలనే అతిసన్నని రక్తనాళాల గోడలు సడలి, రక్తంలోని ద్రవం బయటికి ఊరుతుంది. వాపుకు కారణమిదే. మరి ఈ గోడలను గట్టిపరచగల పదార్థాలు పండ్లలో ఉన్నవా? 1936లో హంగరీ దేశంలో ఈ ప్రశ్న శాస్త్రజ్ఞుల ముందుకు వచ్చింది.

ఆ దేశంలోని సెగెడ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఆల్బర్ట్ సెంట్ జార్జీ అంతకు కొద్ది సంవత్సరాలకు ముందే, మిరపజాతికి చెందిన పాప్రికా కాయలనుండి విటమిన్ ‘సి’ని విస్తారంగా తీయగలిగాడు. ఆయనా, వైద్యుడైన ఇష్ట్వాన్ రుస్న్యాకూ కలిసి, చర్మం క్రింద రక్తస్రావం కలిగే ఒక వ్యాధిని పరిశీలించారు. శుద్ధమైన విటమిన్ ‘సి’వల్ల రోగులకు గుణం కనిపించలేదు. నిమ్మరసంనుండి, పాప్రికానుండి తీసిన ముతక సారం ఇచ్చినప్పుడు మాత్రం కనిపించింది. కనుక ఆ గుణం విటమిన్ ‘సి’ది కాదనీ, సారంలో దానితోపాటున్న ఫ్లేవనాయిడ్ల దనీ వారు తలచారు. నిమ్మనుండి తీసిన ఈ పదార్థానికి సిట్రిన్ అని పేరు పెట్టారు. అందులో హెస్పెరిడిన్ ముఖ్యమైనది. దీనిని 1828లోనే లెబ్రెటన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు నారింజతొక్కలోని తెల్లని పొరలో కనుగొన్నాడు. మన బత్తాయిలోనూ ఇది సమృద్ధిగా ఉంటుంది. నాళపు గోడగుండా ద్రవాలు పారే గుణాన్ని, అంటే ‘పెర్మియబిలిటీ’ని, తగ్గిస్తుందన్న భావంతో కొత్త పదార్థాన్ని విటమిన్ ‘పి’ అన్నారు.

కాని విటమిన్ అనిపించుకోవాలంటే, ఆ పదార్థం ఆహారంలో లోపించినప్పుడు నిర్దిష్టమైన వ్యాధి రావాలి; తిరిగి ఇస్తే ఆ వ్యాధి తగ్గాలి. గినీపందులపై జరిపిన ప్రయోగాలలో ఫలితాలు నిలకడగా రాలేదు. సారంలో మిగిలిన విటమిన్ ‘సి’ లేశమే ఆ గుణానికి కారణం కావచ్చునన్న సందేహం బలపడింది. చివరకు 1950లో అమెరికా శాస్త్రజ్ఞుల నామకరణ సంఘం విటమిన్ ‘పి’ అనే పేరును విడిచిపెట్టవలసిందిగా సూచించింది.

పేరు పోయినా ప్రశ్న మిగిలింది. దానిని పరీక్షించే మార్గం మారింది. 1973లో జాఫీ, ఆయన సహచరులు మానవశిశువు బొడ్డుత్రాటి సిరనుండి రక్తనాళపు లోపొర కణాలను తీసి గాజుపాత్రలో పెంచారు. 1981లో మిడిల్టన్, ఆయన సహచరులు మానవరక్తంలోని బేసోఫిల్ అనే తెల్లకణాలను పరీక్షించారు. ఈ కణాలు విడిచే హిస్టమిన్ శోథాన్ని రేపుతుంది. ఆపిలు తొక్కలోనూ, ఉల్లిలోనూ ఉండే క్వెర్సెటిన్ ఆ విడుదలను అరికట్టింది. శోథ సమయంలో రక్తనాళపు కణాలు తెల్లకణాలను పట్టి నిలిపే జిగురు ప్రోటీనులను తయారుచేస్తాయి. కొన్ని ఫ్లేవనాయిడ్లు ఈ తయారీని తగ్గిస్తాయని 1995లో తేలింది. 1936లో రోగి చర్మాన్ని చూసి ఊహించిన నాళపు గోడను ఇప్పుడు కణం కణంగా పరీక్షించడం సాధ్యమైనది.

అయితే ఇక్కడా జాగ్రత్త అవసరం. గాజుపాత్రలో తరచు లీటరుకు 10 మైక్రోమోల్‌లు, అంతకు మించి కూడా క్వెర్సెటిన్ కలుపుతారు. ఆహారంద్వారా రక్తంలో చేరేది సామాన్యంగా 1 మైక్రోమోల్‌కు లోపే. అదికూడా యథారూపంలో ఉండదు. ప్రేగుగోడ, కాలేయం దానికి గ్లుకురోనిక్ ఆమ్లాన్నో, సల్ఫేటునో జతచేస్తాయి. కనుక పాత్రలోని కణానికి అందిన పదార్థం వేరు, శరీరంలోని కణానికి అందే పదార్థం వేరు.

పండ్లు ఆహారంగా మేలైనవే. అందులో సందేహం లేదు. కాని ఫలానా పండు వాపును పోగొడుతుందని విన్నప్పుడు విద్యార్థి మూడు సంగతులు అడగాలి: పరీక్షించినది శుద్ధపదార్థమా, ముతక సారమా? ఎంత మోతాదులో? గాజుపాత్రలోనా, మనిషిలోనా? విటమిన్ ‘పి’ విషయంలో మొదటి ప్రశ్నకు సరియైన జవాబు దొరకడానికే 14 సంవత్సరాలు పట్టింది.