ఒక జాగీరులో పుట్టిన శిస్తు పద్ధతి

షేర్‌షా సూరి ఢిల్లీ సింహాసనం అధిష్ఠించినది 1540లో. ఆయన పేర ప్రసిద్ధికెక్కిన శిస్తు పద్ధతి పుట్టినది అంతకు చాలా ఏళ్ళ ముందు, బీహారులో తండ్రి హసన్ ఖాన్ జాగీరైన సహస్రాం, ఖవాస్‌పూర్ పరగణాలలో. అప్పటికి ఆయన ఒట్టి ఫరీద్. రైతులను పిలిపించి, భూమి కొలతపై శిస్తు కడతారో, పంటలో పాలు ఇస్తారో మీ ఇష్టమన్నాడు. కొందరు అదీ, కొందరు ఇదీ కోరుకున్నారు. పట్టాలిచ్చి కబూలియత్‌లు వ్రాయించుకున్నాడు. కొలిచేవారికీ వసూలుదార్లకూ ముట్టవలసిన రుసుములను ముందే నిర్ణయించాడు. ఇదంతా చెప్పిన అబ్బాస్ ఖాన్ సర్వానీ తానూ అఫ్గానే. అభిమానం కొంత కలిసి ఉండవచ్చును.

రాజ్యం చేతికి వచ్చాక కొలతే నియమమైంది. మంచి, మధ్యరకం, నాసి భూముల దిగుబడి సగటులో మూడవవంతు సర్కారు పాలు. ముల్తాన్‌లో మాత్రం కొలత వద్దనీ, అక్కడి ఆచారమే సాగనివ్వమనీ షేర్‌షా ఆదేశించాడు. 1545లో కాలింజర్ వద్ద మరణించాడు.

అక్బర్ ప్రభుత్వం ఆ పట్టికను స్వీకరించింది. కాని ధాన్యాన్ని రొక్కంలోకి మార్చడానికి మొదట దేశమంతటికీ ఒకే ధర కట్టారు. ధాన్యం చౌకైన చోట రైతు నలిగాడు. సహస్రాం రైతుకు దొరికిన ఎంపిక పట్టిక వెంట రాలేదు మరి! తర్వాత ప్రాంతాలవారీ ధరలు తెప్పించారు. ఏటేటా వాటికి దర్బారు ఆమోదం కావాలి గనుక జాప్యం తప్పలేదు. చివరకు 1580లో పదేళ్ళ సగటుతో దహ్‌సాలా ఏర్పడింది. పేరు రాజా తోడర్‌మల్లుకు దక్కినా, ఆయన తూర్పు ప్రాంతాలకు వెళ్ళగా పని ముగించినవాడు ఖ్వాజా షా మన్సూర్. బెంగాలులో అప్పటికీ కొలతకు పట్టుబట్టలేదు.