చుట్టరికానికి వీసా

వీసా అనగానే తెలుగువాళ్ళకి ముందు గుర్తొచ్చేది అమెరికా. హైదరాబాదు పక్కనున్న చిలుకూరు బాలాజీకి ‘వీసా బాలాజీ’ అని పేరే పడిపోయింది. 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకుంటారు. వీసా వస్తే మళ్ళీ వచ్చి 108 చేస్తారు. కొడుకు న్యూజెర్సీలో ఉన్నాడని చెప్పుకోవడం పెళ్ళి సంబంధాల్లో గొప్ప. మావాళ్ళల్లోనూ చికాగోలో కొడుకున్న తండ్రి తలెత్తుకునే నడుస్తాడు. కాని మా ఇళ్ళల్లో వీసా అన్న మాటకి అంతకంటే పాత అర్థం ఒకటుంది. అది కరాచీ. ఆ చుట్టరికం గురించి మేం గట్టిగా మాట్లాడుకోం. ‘మీకు పాకిస్తాన్‌లో చుట్టాలున్నారట గదా’ అని ఎవరన్నా అడిగితే అది కుశలప్రశ్న కాదు, విచారణ.

చుట్టాలుండటం ఎప్పట్నుంచి నేరమైంది? దీనికో చరిత్ర ఉంది. తేదీలతో సహా ఉంది.

1947 ఆగస్టులో దేశం రెండయినప్పుడు వీసా లేదు. దాదాపు ఏడాదిపాటు ఏ కాగితమూ లేకుండానే జనం అటూ ఇటూ తిరిగారు. ఢిల్లీ నుంచి ప్రాణభయంతో పారిపోయిన ముస్లింలలో చాలామంది గొడవలు సద్దుమణిగాక ఇల్లు చేరదామని వెనక్కి బయల్దేరారు. ఆ ఇళ్ళల్లో అప్పటికే పశ్చిమ పంజాబులో సర్వం పోగొట్టుకొచ్చిన హిందూ, సిక్కు శరణార్థులున్నారు. వాళ్ళ దుఃఖమూ అబద్ధం కాదు. ఆ చిక్కుకి ప్రభుత్వం కనిపెట్టిన మందు పర్మిట్. 1948 జూలై 19 నుంచి పశ్చిమ పాకిస్తాన్ నుంచి వచ్చేవాళ్ళకి పర్మిట్ ఉండాలన్నారు. తూర్పు పాకిస్తాన్‌కి మాత్రం ఆ నిబంధన పెట్టలేదు. దీన్నిబట్టి ఏమర్థమవుతుంది? ఆ కాగితం పుట్టింది సరిహద్దు కాపలాకి కాదు. పోయినవాళ్ళు తిరిగి రాకుండా ఆపడానికి.

అదే ఏడు అక్టోబరులో పాకిస్తాన్ కూడా పర్మిట్ పెట్టింది. ముస్లింల పేరుతో పుట్టిన దేశం ముస్లింలకే తలుపేసింది. ‘మీ దేశం అదేగా, పోండి’ అని మాతో అనేవాళ్ళు ఈ సంగతి తెలుసుకోవాలి.

జూలై 19 తేదీ మన రాజ్యాంగంలోకి కూడా ఎక్కింది, 6వ అధికరణంలో. 1947 మార్చి 1 తర్వాత పాకిస్తాన్‌కి వలసపోయినవాళ్ళు ఇక్కడి పౌరులు కారని 7వ అధికరణం చెప్పింది. తిరిగి స్థిరపడటానికి పర్మిట్ తెచ్చుకున్నవాళ్ళకే మినహాయింపు.

పర్మిట్ వచ్చేనాటికి హైదరాబాదు ఇండియాలో లేదు. రెండు నెలలు తిరక్కుండా సెప్టెంబరు 13న సైన్యం వచ్చింది. 17న నిజాం లొంగిపోయాడు. ఆ రోజుల్లోనూ తర్వాతా 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ రిపోర్టు జనం కళ్ళబడింది 2013లో! ఉద్యోగం పోయినవాళ్ళు, ఇంటి మగాణ్ణి పోగొట్టుకున్నవాళ్ళు, ఊరికే భయపడినవాళ్ళు కరాచీ దారి పట్టారు. అక్కడ హైదరాబాద్ కాలనీ వెలిసింది. బహదూర్ యార్ జంగ్ పేరుమీద బహదూరాబాద్ వెలిసింది. పోయినవాళ్ళందర్నీ రజాకార్ల ఖాతాలో రాసెయ్యడం తేలిక. కాని ఖాసిం రజ్వీ పోయింది జైలు నుంచి విడుదలయ్యాక, 1957లో. అంతకుముందే పోయిన గుమాస్తాలూ, మాస్టర్లూ, వాళ్ళ వెంట నడిచిన ఆడవాళ్ళూ ఎవర్ని చంపారు?

1952 అక్టోబరు 15న పర్మిట్ పోయి పాస్‌పోర్టూ వీసా వచ్చాయి. అసలు ఉచ్చు ఇక్కడుంది. అటుపోయినవాడు అమ్మని చూడ్డానికి రావాలంటే చేతిలో పాకిస్తాన్ పాస్‌పోర్టు ఉండాలి. అది తీసుకున్నాడా, ఇక్కడి పౌరసత్వం పోయినట్టే. 1956 నాటి పౌరసత్వ నిబంధనలు అదే చెప్పాయి. 1962లో సుప్రీంకోర్టు అది సరేనంది. అంతకు ఏడాది ముందు ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన ఒక కేసులో, వీసా మీద వచ్చి ఉండిపోయిన మనిషిని విదేశీయుల చట్టం కింద రాష్ట్రం శిక్షించబోతే, అతను పౌరుడా కాదా తేల్చాల్సింది కేంద్రమేనని అదే కోర్టు అడ్డుపడింది. పుట్టిన ఊళ్ళోనే మనిషి విదేశీయుడు కావడమంటే ఇదే.

1965లో ఒక యుద్ధం, 1971లో ఇంకొకటి. 1974లో రెండు దేశాలూ వీసా ఒప్పందం చేసుకున్నాయి. 1976లో సంఝౌతా రైలు మొదలైంది. కాని ఆ వీసా దేశానికివ్వరు, ఊళ్ళకిస్తారు. కాగితం మీద రాసిన ఊరు దాటకూడదు. దిగీదిగగానే పోలీసులకి కనపడాలి.

మా నానీ చెల్లెలు 1979లో వచ్చింది, 29 ఏళ్ళ తర్వాత. వీసాలో హైదరాబాదు ఒక్కటే ఉంది. ఆమె పుట్టింది మహబూబ్‌నగర్ జిల్లాలో, బస్సెక్కితే మూడు గంటల దూరం. తల్లి ఖబరు అక్కడుంది. ఫాతెహా చదవడానికి వెళ్ళలేకపోయింది. సంగతి తెలిసి ఊళ్ళో పక్కింటి పద్మశాలి ఆమె సీతాఫలాల గంపతో తనే బస్సెక్కి వచ్చింది. ‘ఎట్లున్నవే అక్కా’ అని ఒకరి చేతులొకరు పట్టుకున్నారు. మా ఇంట్లో ఆరోజంతా తెలుగే వినపడింది. కరాచీలో 29 ఏళ్ళుగా వాడని తెలుగు అది. దేశభక్తి పరీక్ష పెట్టేవాళ్ళు ఆ పూట అక్కడుంటే బాగుండేది.

ఆ కాస్త సందూ తర్వాత మూసుకుపోతూ వచ్చింది. 1994లో కరాచీలోని మన కాన్సులేట్ మూతపడింది. అక్కడి ముసలివాళ్ళు వీసా కోసం వెయ్యి కిలోమీటర్లకి పైగా ఇస్లామాబాద్ దాకా తిరగాల్సి వచ్చింది. 65 ఏళ్ళు దాటినవాళ్ళకి అట్టారీలో దిగగానే వీసా ఇస్తామని 2012లో ఒప్పుకున్నారు. 2013 జనవరిలో మొదలవ్వాల్సిన రోజుల్లోనే ఆపేశారు. 2019 ఆగస్టులో రైలు ఆగింది. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని కాల్చి చంపారు. ఆ దుర్మార్గానికి ఏ సాకూ లేదు. అయిదు రోజులకి పాకిస్తానీల వీసాలు రద్దయ్యాయి. అట్టారీ మూసేశారు. వైద్యం కోసం వచ్చినవాళ్ళకి ఇంకో రెండు రోజులు గడువిచ్చారు. అటు ప్రభుత్వమూ అదే పని చేసింది.

భద్రత వద్దని ఎవరంటారు? కాని 2008 ముంబయి దాడికి దారులు చూసిపెట్టిన హెడ్లీ అమెరికా పాస్‌పోర్టు మీద, మన వీసాతోనే వచ్చిపోయాడు. అతన్ని ఆపలేని వీసా మా నానీ చెల్లెల్ని తల్లి ఖబరు దగ్గరికి పోకుండా ఆపింది.

అమెరికా వీసా ఫారంలో కూడా అక్కడ నీకు ఎవరున్నారని అడుగుతారు. ఆ గడి నింపేటప్పుడు ఎవరి చెయ్యీ వణకదు. మేం కోరేది పెద్దదేం కాదు. కరాచీలో మా ఖాలా ఉందని అంతే మామూలుగా చెప్పుకోగలగాలి, విన్నవాళ్ళు ‘బాగుందా?’ అని అడగాలి.