శిక్షానంతర ప్రభావాలు (హైదరాబాద్ పాతబస్తీ)

నేరం రుజువై శిక్ష అనుభవించిన వ్యక్తిని విడుదల తర్వాత కూడా వెంటాడే చట్టపరమైన, సామాజిక పరిమితులు. పాతబస్తీలో చంచల్‌గూడ కేంద్ర కారాగారం ఉంది.

చట్టపరమైన పరిమితులు: జైల్లో ఉండగా ఓటు వేయడానికి వీల్లేదు, విడుదలయ్యాక వేయవచ్చు. రెండేళ్లు, అంతకుమించి శిక్ష పడితే చట్టసభలకు పోటీచేయడంపై అనర్హత విడుదల తర్వాత మరో 6 ఏళ్లు కొనసాగుతుంది (ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951). నైతిక పతనంగా పరిగణించే నేరానికి దరఖాస్తుకు ముందు 5 ఏళ్లలో కనీసం రెండేళ్ల శిక్ష పడి ఉంటే పాస్‌పోర్టు నిరాకరించవచ్చు (1967 చట్టం). గల్ఫ్ ఉద్యోగాలపై ఆధారపడిన పాతబస్తీ కుటుంబాలకు ఇది బతుకుతెరువు సమస్య.

నిఘా: పోలీస్ స్టేషన్లో రౌడీషీట్ (నిఘా రికార్డు) తెరిస్తే పండుగలకు, ఎన్నికలకు ముందు బైండోవర్ (సత్ప్రవర్తనకు పూచీకత్తు) తప్పకపోవచ్చు. శిక్ష పడనివారిపై కూడా షీటు తెరుస్తారు. నిఘాలో ఉన్నవారి ఇళ్లకు రాత్రివేళ పోలీసులు వెళ్లడానికి వీలిచ్చిన ఉత్తరప్రదేశ్ నిబంధనను సుప్రీంకోర్టు ఖరక్ సింగ్ కేసులో (1962) కొట్టివేసింది.

ఉపశమనం: జైలుకు పంపకుండా ప్రొబేషన్‌పై విడిచిపెట్టినవారికి శిక్షతో వచ్చే అనర్హతలు వర్తించవు (1958 చట్టం, సెక్షన్ 12). జైలు నుంచి విడుదలైనవారికి కూడా తెలంగాణ జైళ్ల శాఖ పెట్రోలు బంకుల్లో పని దొరుకుతోంది.