తలుపునకు వెలుపల

నేడు మన యిండ్లలో 'ఫారిన్' అనగానే సముద్రముల కావలినుండి వచ్చిన సరుకో, విమానమెక్కి పోయిన మనుమడో మనసునకు దట్టును గాని, ఈ విశేషణము పుట్టినప్పుడు దానికి సముద్రముతో ఆవంతయు సంబంధము లేదు. లాటినులో 'ఫోరిస్' అనగా తలుపునకు వెలుపల. మన ద్వారశబ్దమునకును దానికిని మూలమొక్కటియే. ఫ్రెంచివారి నోట నలిగి 13వ శతాబ్దమున ఆంగ్లమును జేరిన యీ మాటను ఇంగ్లీషువారు తొలుత మరుగుదొడ్డికి సైతము వాడుచుండిరి. ఫారిన్ సరుకన్న ప్రాణము విడుచువారు ఈ సంగతి నెరుగుట మంచిది. పలుకబడని 'జి' యక్షరము మాత్రము, ఏలుబడిని దెలుపు 'రెయిన్' అను మాటను జూచి లేఖకులు తరువాత దగిలించినది.

ఈ పదము చరిత్రను లండను నగరపు అంగళ్లలో వెదుకవలెను. అచట చిల్లరవర్తకము చేయగోరువాడు ఏదేనొక వృత్తిసంఘమున, సాధారణముగా ఏడేండ్లు, శిష్యరికము చేసియో, తండ్రి హక్కువలననో, రుసుము చెల్లించియో 'ఫ్రీమన్' అనిపించుకొనవలసి యుండెను. అట్లు కానివాడు, థేమ్సునది కావలి సర్రేలో పుట్టిన అచ్చమైన యింగ్లీషువాడే యైనను, ఆ మాటకు వచ్చిన నగరమునందే పుట్టి పెరిగినవాడైనను, పౌరశాసనముల దృష్టిలో 'ఫారిన్' గానే పరిగణింపబడెను. ఫ్రాన్సు, ఫ్లాండర్సులనుండి వచ్చినవారికి 'ఏలియన్', 'స్ట్రేంజర్' అను వేరు పేర్లుండెను. 1517 మే దినమున లండను కుర్రకారు దండెత్తినది వీరి యిండ్లమీదనే. పల్లెలనుండి కోళ్లు దెచ్చు ఫారిన్ వర్తకులకు లీడెన్‌హాలును, ఉన్నిబట్టలు దెచ్చువారికి బ్లాక్‌వెల్‌హాలును విపణిస్థానములుగా నియమితములై యుండెను. ఒక ఫారిన్‌వాడు మరియొక ఫారిన్‌వానికి అమ్మిన సరుకు పట్టుబడెనా, జప్తు కావలసినదే. వాల్సాల్, కిడ్డర్‌మిన్‌స్టరు పట్టణములయందైతే ఊరిని జుట్టుకొనియున్న పల్లెపట్టునకే 'ఫారిన్' అని పేరు.

ఈ పట్టుదలను సడలించినది 1666 నాటి మహాగ్నిప్రమాదము. నాలుగు దినములలో సుమారు 13,000 ఇండ్లు బూడిదయైపోగా, వానిని మరల నిలుపుటకు సంఘముల వడ్రంగులును తాపీపనివారును చాలరైరి. అందుచే 1667లో పార్లమెంటు, కట్టడపు పనివారైన ఫారిన్‌వారు ఏడేండ్లు నగరములో స్వేచ్ఛగా పనిచేయవచ్చుననియు, ఆ ఏడేండ్లు నిలిచి పనిచేసినవారికి ఆ హక్కు యావజ్జీవము చెల్లుననియు శాసించెను. సంఘములవారు మిక్కిలి గొణిగిరి.

తక్కిన పట్టణములలో ఈ కట్టుబాటు 1835 నాటి పురపాలక చట్టముతో రద్దయ్యెను. లండను మాత్రము 1856 వరకును దానిని విడువలేదు. నిజామువలన 1766లో పొందిన మన ఉత్తర సర్కారులను, ఆ కోళ్ల అంగడి పేరు ధరించిన లీడెన్‌హాలు వీథిలోని భవనమునుండి, ఈస్టిండియా కంపెనీవారు అప్పటికి తొంబదియేండ్లుగా ఏలుచునే యుండిరి.