చెరుకు నుంచి అత్తరు దాకా: బోధన్‌లో ఆగిన కథ, బ్రెజిల్‌లో సాగిన కథ

ఇవాళ వాసన గురించి మాట్లాడుకుందాం. నవ్వకండి, సీరియస్‌గానే.

బోధన్ దిక్కు పెరిగిన వాళ్ళకి ఈ వాసన నేను చెప్పక్కర్లేదు. చలికాలం పొద్దున బస్సు షక్కర్‌నగర్ దగ్గరికి రాగానే కిటికీలోంచి లోపలికి కొట్టేది. మాడిన బెల్లం లాగా, కొంచెం పులిసిన కల్లు లాగా. నేను ముక్కు మూసుకునేవాణ్ణి. మా నాన్న మాత్రం "ఫ్యాక్టరీ నడుస్తుందిరా, మంచిదే" అనేవాడు. 2015 డిసెంబర్ తర్వాత ఆ వాసన లేదు.

ముందు ఈ చెరుకు ఇక్కడికి ఎట్లా వచ్చిందో చూద్దాం. మంజీర మీద నిజాంసాగర్ కట్టడం 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఇంజనీర్ నవాబ్ అలీ నవాజ్ జంగ్. కాలువ నీళ్ళు రావడంతో చెరుకు వచ్చింది. చెరుకు వెనకాలే 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకునేవాళ్ళు. ఫ్యాక్టరీ చుట్టూ ఊరు పెరిగింది. దాని పేరులోనే షక్కర్ ఉంది, అంటే ఉర్దూలో చక్కెర.

ఇప్పుడు అసలు పాయింట్. వంద టన్నుల చెరుకు ఆడితే సుమారు పది టన్నుల చక్కెర వస్తుంది. దాంతో పాటు నాలుగు టన్నుల దాకా మొలాసిస్ మిగులుతుంది. నల్లగా, జిగటగా ఉంటుంది. అందులో ఇంకా బోలెడు తీపి ఉంటుంది కానీ, గడ్డకట్టించి చక్కెర చేయడం గిట్టుబాటు కాదు. మిషన్ వదిలేసిన ఆ తీపిని ఈస్ట్ తింటుంది. టన్ను మొలాసిస్ నుంచి 200 లీటర్ల పైనే ఆల్కహాల్ తీయొచ్చు. షక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీతో పాటు డిస్టిలరీ ఉన్నది అందుకే.

ఆల్కహాల్ అనగానే మనకి సీసా గుర్తొస్తుంది. కానీ మీ బ్యాగ్‌లో ఉన్న పెర్ఫ్యూమ్ స్ప్రేలో ఎక్కువ భాగం కూడా అదే ఆల్కహాల్. పత్తర్‌గట్టిలో అమ్మే అసలైన అత్తరు వేరు. దాంట్లో ఆల్కహాల్ ఉండదు, పూల సువాసనని గంధపు నూనెలోకి పట్టిస్తారు. స్ప్రేలోని ఆల్కహాల్ మాత్రం ఎక్కువగా ఈస్ట్ చేసిందే.

ఇంకో సంగతి. ఈస్ట్ ఒక్క ఆల్కహాలే చేయదు. పిండి పులిసినప్పుడు, ఈత కల్లు ఒంపినప్పుడు వచ్చే ఆ పండు వాసన గమనించారా? అది కూడా ఈస్ట్ చేసిందే. 1907లో ఫెలిక్స్ ఎర్లిష్ అనే జర్మన్ శాస్త్రవేత్త దీని గుట్టు విప్పాడు. ఈస్ట్ అమైనో ఆమ్లాలని కూడా రకరకాల ఆల్కహాల్‌లుగా మారుస్తుందని చూపించాడు. ఆ దారిలో తయారయ్యే ఒక పదార్థం పేరు ఫినైల్ ఇథనాల్. రోజ్‌వాటర్‌లో గులాబీ వాసనకి ముఖ్యమైన కారణం అదే. అంటే ఈస్ట్‌కి పెర్ఫ్యూమ్ పని ముందే కొంత తెలుసు. డిస్టిలరీకి శుద్ధమైన ఆల్కహాల్ కావాలి కాబట్టి మిగతా వాసనలన్నీ తీసి పక్కన పెడతారు.

సూక్ష్మజీవుల వాసన మనకి కొత్తేం కాదు. మిరుగు వానకి నేల నుంచి లేచే వాసన ఉంది కదా, దాంట్లో ముఖ్యమైనది జియోస్మిన్. మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ లాంటి బ్యాక్టీరియా దాన్ని తయారుచేస్తుందని 1965లో అమెరికాలో కనిపెట్టారు. కనౌజ్‌లో అంతకు ఎంతో ముందు నుంచే కాల్చిన మట్టి నుంచి మిట్టీ అత్తరు తీస్తున్నారు. చార్మినార్ దగ్గర చుక్కల లెక్కన అమ్మే ఊద్ ఉంది కదా, అది కూడా చెట్టుకి ఫంగస్ సోకితేనే తయారవుతుంది. జబ్బు పడని చెట్టులో ఆ వాసన ఉండదు.

మరి బయోడిజైన్ అంటే ఏంటి? మొక్కలో వాసన తయారుచేసే జీన్‌ని తీసుకెళ్ళి ఈస్ట్‌లో పెట్టడం. ఈస్ట్ తన ఒంటికి అవసరమైన కొవ్వు కోసం చక్కెర నుంచి ఒక ముడిసరుకు తయారుచేసుకుంటుంది. కొత్త జీన్ దాన్ని దారి మళ్ళించి పచౌలీ వాసనగానో, గంధం వాసనగానో మారుస్తుంది. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళు దీన్ని వెంటనే కోడింగ్‌తో పోలుస్తారు. నాకు ఆ పోలిక పూర్తిగా నచ్చదు. నేను రాసిన కోడ్‌కి ఆకలి వేయదు. ఈస్ట్‌కి వేస్తుంది. మన వాసన చేయడం దానికి బరువు, అందుకే ఆ పని మానేసిన కణాలు తొందరగా పెరిగి ట్యాంకు నింపేస్తాయి. అది జరగకుండా ఆపడానికే ఏళ్ళు పడుతుంది.

ఈ కథలో పెద్ద పేరు అమైరిస్. కాలిఫోర్నియా కంపెనీ. జే కీస్లింగ్ టీమ్ 2006లో మలేరియా మందుకి కావలసిన ఆమ్లాన్ని ఈస్ట్‌తో చేయించింది. ఆ పునాది మీద కంపెనీ చెరుకు తీపి నుంచి డీజిల్ చేద్దామనుకుంది! బ్రెజిల్‌లో సావో పాలో రాష్ట్రం బ్రోటాస్‌లో, చెరుకు మిల్లు పక్కనే ప్లాంట్ కట్టింది. 2012 చివర్లో అక్కడ ఫార్నెసీన్ అనే నూనె లాంటి ద్రవం తయారవడం మొదలైంది. కానీ భూమిలోంచి తోడే డీజిల్‌తో ధరలో పోటీ పడలేకపోయారు. అదే ద్రవాన్ని కిలోల్లో అమ్మినా డబ్బు వచ్చే చోటు కోసం వెతికారు. అట్లా సువాసనల వైపు, కాస్మెటిక్స్ వైపు తిరిగారు.

2014లో స్విస్ కంపెనీ ఫిర్మెనిచ్ అమైరిస్‌తో కలిసి క్లియర్‌వుడ్ తెచ్చింది. చెరుకు తీపి తిన్న ఈస్ట్ చేసిన పచౌలీ లాంటి వాసన అది. 2019లో జివోడాన్ ఆంబ్రోఫిక్స్ తెచ్చింది. ఇది తిమింగలం నుంచి వచ్చే అంబర్ లాంటి సువాసన. క్లారీ సేజ్ అనే మొక్క నుంచి తీయడంతో పోలిస్తే నూరో వంతు భూమి చాలని ఆ కంపెనీ చెప్పుకుంటుంది. దీనికి ముడిసరుకు చెరుకు ఫార్నెసీన్.

ఇప్పుడు తేదీలు పక్కపక్కన పెట్టండి. క్లియర్‌వుడ్ 2014. బోధన్ గేటుకి తాళం 2015. ఒకదాని వల్ల ఇంకోటి జరగలేదు, ఆ తప్పు లెక్క వేయకండి. మన ఫ్యాక్టరీ కథ వేరు. 2002లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబర్‌లో లేఆఫ్ పెట్టి బోధన్‌తో పాటు మెట్‌పల్లి దగ్గరి ముత్యంపేట, మెదక్ దిక్కు మంబోజిపల్లి యూనిట్లు కూడా ఆపేశారు. చెరుకు వేసే చాలామంది రైతులు వరి వైపు మళ్ళారు. నా బాధ ఏంటంటే, చెరుకు, ఈస్ట్, పెద్ద ట్యాంకులు, పులియబెట్టడం తెలిసిన మనుషులు, అన్నీ ఒకే ఊళ్ళో ఉండేవి. అట్లాంటి ఊరికి కొత్త పని దొరుకుతున్న టైమ్‌లోనే మన దగ్గర బాయిలర్ చల్లబడింది.

అయితే బ్రెజిల్‌ని చూసి మురిసిపోకండి. అక్కడా రైతుకి వచ్చేది చెరుకు రేటే. అసలు డబ్బు ఈస్ట్ పేటెంట్ ఉన్నవాడిది. అమైరిస్ కూడా నిలబడలేదు, 2023 ఆగస్టులో దివాలా పిటిషన్ వేసింది. అదే సంవత్సరం గూచీ ఒక పెర్ఫ్యూమ్ తెచ్చింది. దాంట్లోని ఆల్కహాల్ మొత్తం ఫ్యాక్టరీల నుంచి పట్టిన కార్బన్‌తో చేసిందే. లాంజాటెక్ కంపెనీ బ్యాక్టీరియా గ్యాస్ తిని ఆల్కహాల్ ఇస్తుంది. అంటే దానికి చెరుకు కూడా అక్కర్లేదు!

ఇది నిజామాబాద్‌కి చెరుకుతోనే ఆగదు. 2008లోనే జపాన్ పరిశోధకులు ఈ కోలై బ్యాక్టీరియాతో పసుపులోని కర్‌క్యుమిన్ చేయించారు. మన పసుపు బోర్డు మొదలైంది 2025 జనవరిలో. ల్యాబ్ పసుపు రేపే మార్కెట్ యార్డుకి వస్తుందని నేను అనట్లేదు. కానీ 1897లో జర్మనీ కంపెనీ బీఏఎస్‌ఎఫ్ ల్యాబ్ నీలిమందు అమ్మడం మొదలుపెట్టాక బీహార్ నీలిమందు పొలాలు ఎట్లా పడిపోయాయో చరిత్రలో ఉంది. ఆ దెబ్బ చివరికి తగిలింది కౌలు రైతుకే. పసుపు బోర్డులో ఇట్లాంటి పరిశోధన మీద ఒక కన్ను ఉంచే మనిషి ఉండాలని నా అభిప్రాయం.

ఫ్యాక్టరీలు మళ్ళీ తెరవడం మీద 2024లో ప్రభుత్వం కమిటీ వేసింది. తెరిస్తే ఏం చేస్తారు? చక్కెర, పెట్రోల్‌లో కలిపే ఇథనాల్, ఇంతవరకే మాట్లాడుతున్నారు. హైదరాబాద్ బోడుప్పల్‌లో సుగంధ మొక్కల మీద పనిచేసే సీమ్యాప్ కేంద్రం ఉంది, తార్నాకలో ఐఐసీటీ ఉంది. బోధన్ నుంచి నాలుగైదు గంటల ప్రయాణం. ఆ ల్యాబ్‌ల వాళ్ళని కూడా ఒకసారి కూర్చోబెట్టి అడగొచ్చు కదా.

షక్కర్‌నగర్ డిస్టిలరీలో పనిచేసిన వాళ్ళు మీ ఇంట్లో ఎవరైనా ఉంటే నాకు రాయండి. ఈస్ట్ ఎక్కడి నుంచి తెచ్చేవాళ్ళు, ట్యాంకు పాడైపోతుందని వాసన చూసి ఎట్లా పసిగట్టేవాళ్ళు, అవి నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. తాతల గొంతులోనే రికార్డ్ చేసి పంపినా సరే. తర్వాతి ఎపిసోడ్ దాని మీదే చేద్దాం.