రాత్రి వేట – కుందేలు – చట్టం

చంద్రునికి మన పూర్వులు శశాంకుడని పేరు పెట్టారు. శశమంటే కుందేలు, అంకమంటే గుర్తు. చందమామలోని మచ్చలో మనవారికి కుందేలు కనబడింది. తర్కశాస్త్రజ్ఞులు అదే కుందేటికి కొమ్ము తగిలించి, లోకంలో లేనే లేని వస్తువుకు శశవిషాణమని ఉదాహరణ చెప్పారు. ఇక జనం నోట నలిగిన సామెత, తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని. ఈ చిన్న ప్రాణి మన భాషలో ఇంత చోటు సంపాదించుకున్నది. ఇంగ్లాండు దేశంలో అది భాషలోనే గాక చట్టాల పుస్తకాలలో కూడ పెద్ద చోటే సంపాదించుకున్నది. రాత్రిపూట చేనిలోకి దిగి ఒక కుందేలును పట్టిన పాపానికి మనుషులను సముద్రాలు దాటించిన చరిత్ర అది. నేడు అదే దేశంలో రైతులు చీకటి రాత్రులలో దీపమూ గాలితుపాకీ పట్టుకొని కుందేళ్ళ వేటకు వెళుతున్నారు. ఆ నాటికీ ఈ నాటికీ నడుమ జరిగినదేమిటో చెప్పుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఒక మాట. తెలుగులో కుందేలు అన్నా, చెవులపిల్లి అన్నా మనకు ఒకటే జంతువు. ఇంగ్లీషులో మాత్రం హేర్ వేరు, రాబిట్ వేరు. హేర్ బొరియ తవ్వదు. గడ్డిలో చిన్న పల్లం చేసుకొని పడుకుంటుంది. దాని పిల్లలు బొచ్చుతో, తెరిచిన కళ్ళతో పుడతాయి. మన మెట్టచేలలోనూ, తుప్పలలోనూ ఉండేది ఈ జాతే. రాబిట్ నేలలో బొరియలు తవ్వి గుంపులుగా బ్రతుకుతుంది. దాని పిల్లలు కళ్ళు తెరవకుండా, ఒంటిమీద బొచ్చు లేకుండా పుడతాయి. ఈ రెండవదాని స్వస్థలం స్పెయిను, పోర్చుగల్ ప్రాంతం. ఈ వ్యాసం మట్టుకు మొదటిదానిని చేని కుందేలు అనీ, రెండవదానిని బొరియ కుందేలు అనీ అందాం.

బొరియ కుందేలు ఇంగ్లాండులో స్థిరపడినది నార్మన్ల కాలంలో, అనగా పన్నెండవ శతాబ్దం నాటికి. మాంసానికీ, తోలుకూ దానిని ప్రభువులూ మఠాధిపతులూ పెంచేవారు. ఆ చలికి, ఆ తడినేలకు తట్టుకోలేని జంతువు గనుక దానికోసం మట్టి దిబ్బలు పోయించి, కాపలాదారులను నియమించేవారు. అప్పట్లో కుందేలు మాంసం కోడి మాంసం కంటె ప్రియం. ఇట్లా అది పుట్టుకతో అడవిమృగమే అయినా వచ్చిన దేశంలో మాత్రం దొరగారి ఆస్తిగా అడుగుపెట్టింది. తరువాతి కథకంతటికీ మూలం ఇక్కడే ఉన్నది. తోటలోని మామిడిపండు తోటవానిది అంటే వినేవాడు ఒప్పుకుంటాడు. కాని కంచె దాటి వచ్చి తన మడిలోని పైరు తిన్న కుందేలు కూడా దొరగారిదే అంటే రైతు మనసు ఎట్లా ఒప్పుకుంటుంది?

ఒప్పుకోని మనసును ఒప్పించడానికే చట్టాలు వచ్చాయి. 1671లో వచ్చిన వేట చట్టం ప్రకారం ఏడాదికి నూరు పౌనుల ఆదాయం వచ్చే సొంత భూమి గలవారు, మరికొందరు ఉన్నత కుటుంబీకులు మాత్రమే వేటాడవచ్చును. తన పొలంలో తిరిగే చేని కుందేలునైనా సరే చిన్న రైతు చంపరాదు. అర్హత లేనివారి ఇళ్ళు సోదా చేసి తుపాకులూ, వలలూ, వేటకుక్కలూ స్వాధీనం చేసుకునే అధికారం వేట కాపలాదారులకు లభించింది. 1723లో నల్లచట్టమని పేరుపడిన మరొక శాసనం వచ్చింది. ముఖానికి మసి పూసుకొని, ఆయుధం పట్టి, జింకల వనాలలోగాని, కుందేళ్ళ దిబ్బలున్న చోటగాని కనబడితే మరణశిక్ష! ఈ చట్టం పుట్టుపూర్వోత్తరాలను ఇ. పి. థామ్సన్ అనే చరిత్రకారుడు 1975లో ప్రచురించిన గ్రంథంలో సవిస్తరంగా పరిశోధించాడు. ఆ చట్టంలో అధికభాగం నూరేళ్ళు అమలులో ఉండి 1823లో రద్దయింది. భూస్వాములు తమ అడవులలో దొంగవేటగాళ్ళకోసం దారాలు కట్టి, కాలు తగిలితే పేలే తుపాకులనూ, మనిషి కాలు విరిచే ఇనుప బోనులనూ అమర్చేవారు. వాటిని 1827లో గాని పార్లమెంటు నిషేధించలేదు.

ఆ మరుసటి ఏడే, 1828లో, రాత్రి దొంగవేట చట్టం వచ్చింది. రాత్రి అనగా ఏమిటో కూడ ఆ చట్టం నిర్వచించింది: సూర్యాస్తమయమైన గంట తరువాత మొదలై, సూర్యోదయానికి గంట ముందు ముగిసే కాలం. ఆ వేళలో పరుల నేలపై వేటజంతువునుగాని, కుందేలునుగాని పడితే మొదటిసారి మూడు నెలల వరకు కఠిన కారాగారం. రెండవసారి ఆరు నెలల వరకు. మూడవసారి ఏడేళ్ళ ద్వీపాంతరవాసం. ముగ్గురు లేక అంతకు మించినవారు కలిసి, అందులో ఒకరైనా ఆయుధంతో వెళితే పధ్నాలుగేళ్ళ వరకు ద్వీపాంతరం. నెపోలియను యుద్ధాలు ముగిసి, పల్లెలలో కూలి దొరకక, రొట్టె కరువై ఉన్న రోజులవి. పగలు పొలం యజమానిది. రాత్రి మాత్రమే పేదవానిది. చట్టం ఆ రాత్రినే పట్టుకున్నది.

దొంగవేటగాళ్ళు పట్టే పద్ధతి కూడ తెలుసుకోదగినదే. బొరియ కుందేళ్ళు చీకటి పడ్డాక మేతకు చేలలోకి వస్తాయి. వేటగాళ్ళు సద్దు చేయకుండా వెళ్ళి, మేత మేసే చోటికీ బొరియలకూ నడుమ పొడుగాటి వల కట్టేవారు. తరువాత ఆవలివైపు నుండి అదిలిస్తే కుందేళ్ళు ఇంటిదారి పట్టి వలలో పడేవి. ఈ పనికి తుపాకి పనికిరాదు. మోతకు కాపలాదారు మేల్కొంటాడు.

మోత తక్కువగల తుపాకి ఒకటి అప్పటికే లోకంలో ఉన్నది. మందుగుండు లేకుండా, బిగబట్టిన గాలి బలంతో గుండును తోసే గాలితుపాకి పదహారవ శతాబ్దం నాటికే ఐరోపాలో పుట్టింది. గిరార్డోని అనే ఇటాలియను నిపుణుడు రూపొందించిన గాలితుపాకిని ఆస్ట్రియా సైన్యం 1780 ప్రాంతంలో స్వీకరించింది. ఇరవై దాకా గుండ్లు వెంటవెంటనే పేల్చగల ఆ ఆయుధంలో గాలి నింపడానికి మాత్రం పంపును వేయిసార్లకు పైగా కొట్టవలసి వచ్చేది. 1803 – 1806 నడుమ అమెరికా ఖండాన్ని దాటిన లూయిస్, క్లార్కుల బృందం ఒక గాలితుపాకిని వెంట తీసుకుపోయి, దారిలోని తెగలవారి ఎదుట ప్రదర్శించింది. పంతొమ్మిదవ శతాబ్దపు బ్రిటనులో చేతికర్రలాగా కనబడే గాలితుపాకులు కూడ తయారయ్యాయి. చవకైన స్ప్రింగు గాలితుపాకులు తరువాతి కాలంలో వచ్చాయి. మన తిరునాళ్ళలో బుడగలు పేల్చే ఎయిర్‌గన్ ఆ సంతతిలోనిదే.

ఇప్పుడు కథ మరొక మలుపు తిరుగుతుంది. కౌలుదారులు దశాబ్దాల తరబడి మొరపెట్టుకోగా, గ్లాడ్‌స్టన్ ప్రభుత్వం 1880లో ఒక చట్టం తెచ్చింది. భూమిని సాగుచేసే రైతు, యజమానితో ఎట్టి ఒప్పందం ఉన్నప్పటికీ, తన చేనిలోని రెండు జాతుల కుందేళ్ళనూ చంపుకోవచ్చునన్నది దాని సారాంశం. ఈ హక్కును రైతు వ్రాతపూర్వకంగా వదులుకున్నా చెల్లదు. రెండు శతాబ్దాల అన్యాయానికి ఇది కొంత విరుగుడు. అయినా అందులో ఒక మెలిక మిగిలింది. రాత్రివేళ తుపాకి వాడరాదు! పైరు తినే జంతువు రాత్రే వస్తుంది. దానిని కాల్చే హక్కు మాత్రం పగలే. ఆ మెలిక సడలడానికి నూటొక్క సంవత్సరాలు పట్టింది. 1981 నాటి వన్యప్రాణి చట్టం, వేట హక్కుదారు వ్రాతపూర్వకంగా అనుమతిస్తే రైతు రాత్రి తుపాకి వాడవచ్చునన్నది. 1828 నాటి చట్టం మాత్రం ఇంగ్లాండులో నేటికీ ఉన్నది. అనుమతి లేకుండా పరుల పొలంలో రాత్రి కుందేలును పట్టినవాడు నేటికీ నేరస్థుడే. కాకపోతే ద్వీపాంతరం లేదు.

ద్వీపాంతరమన్నాను గదా, అక్కడ జరిగిన విడ్డూరం వినండి. దొంగవేట నేరంపై ఇంగ్లాండు నుండి ఆస్ట్రేలియాకు తరలిపోయినవారు ఎందరో. ఖైదీలను మోసుకుపోయిన చివరి ఓడ అక్కడికి చేరినది 1868లో. అంతకు తొమ్మిదేళ్ళ ముందు, 1859లో, థామస్ ఆస్టిన్ అనే సంపన్న వలసదారు వేట వినోదానికని ఇంగ్లాండు నుండి బొరియ కుందేళ్ళను తెప్పించి, విక్టోరియా రాష్ట్రంలోని తన బార్వన్ పార్క్ ఎస్టేటులో వదిలాడు. అంతకు ముందు కూడ ఆ ఖండానికి కుందేళ్ళు వచ్చాయిగాని, దేశమంతా కమ్ముకున్నవి ప్రధానంగా ఆస్టిన్ కుందేళ్ళ సంతానమేనని 2022లో వెలువడిన జన్యు పరిశోధన తేల్చింది. అవి పచ్చిక బయళ్ళను గుండు చేశాయి. పశ్చిమ ఆస్ట్రేలియా ప్రభుత్వం 1901 నుండి 1907 వరకు శ్రమించి కంచెలు కట్టించింది. వాటిలో మొదటిదాని పొడవే 1,800 కిలోమీటర్లకు పైమాట. అయినా కుందేళ్ళు ఆగలేదు. పేదవాడు ఒక్క కుందేలును పడితే సముద్రం దాటించారు. ధనవంతుడు వినోదానికి పదుల కుందేళ్ళను సముద్రం దాటిస్తే ఏ చట్టమూ అడగలేదు. వీటిలో దేశానికి నష్టం చేసినది ఏదో పాఠకులే నిర్ణయించగలరు.

1950లో ఆస్ట్రేలియా ప్రభుత్వం మిక్సొమటోసిస్ అనే రోగాన్ని కుందేళ్ళపై ప్రయోగించింది. 1952లో ఒక ఫ్రెంచి వైద్యుడు తన తోటలో అదే రోగాన్ని వదలగా అది ఐరోపా అంతటా పాకి, 1953లో ఇంగ్లాండు చేరింది. రెండు మూడేళ్ళలో అక్కడి కుందేళ్ళలో నూటికి తొంభైకి పైగా చనిపోయాయి. కళ్ళు వాచి, చూపు పోయి, దారుల వెంట తడుములాడే జంతువులను చూసి జనం తల్లడిల్లారు. రోగమున్న కుందేలును బుద్ధిపూర్వకంగా వదలడం నేరమని 1954 చట్టం శాసించింది. ఆ చట్టమే కుందేళ్ళ నిర్మూలన ప్రాంతాలను ప్రకటించే అధికారాన్నిచ్చి, అక్కడ కుందేళ్ళను అదుపు చేయడం భూమిదారు విధి అన్నది. చంపితే నేరమైన జంతువు, చంపకపోతే తప్పయ్యే జంతువు అయింది!

మిగిలిన కుందేళ్ళు మెల్లగా మళ్ళీ పెరిగాయి. అందుకే నేటి రాత్రి వేట. బ్రిటనులో మామూలు గాలితుపాకి బలం పన్నెండు అడుగు-పౌనులు, అనగా సుమారు పదహారు జౌళ్ళు, మించితే తుపాకి లైసెన్సు కావాలి. ఆ కొద్ది బలంతో జంతువు బాధపడకుండా చావాలంటే ముప్ఫై మీటర్ల దరిదాపులకు చేరి తలకే గురిపెట్టాలి. గాలి వేటగాని వైపు వీచాలి. దీపం పడగానే కుందేలు కళ్ళు ఎర్రగా మెరుస్తాయి. కొన్ని పారిపోతాయి, కొన్ని నేలకు అతుక్కొని కదలక కూర్చుంటాయి. ఈ వేటకు వెన్నెల పనికిరాదు. వెన్నెల్లో కుందేలు మనిషి నీడను దూరం నుంచే పసిగడుతుంది; కారుచీకటి, కాస్త ఈదర ఉన్న రాత్రే వేటగానికి అనుకూలం. చంద్రుడు శశాన్ని ఒడిలో దాచుకున్నాడన్న మన కవుల ఊహకు ఇంతటి లౌకిక సాక్ష్యం దొరుకుతుందని వారనుకొని ఉండరు.

మన దేశం మాటకొస్తే, ఇక్కడి చేని కుందేలు వలస వచ్చినది కాదు, ఈ నేలదే. దొరల వేట చట్టాలు మాత్రం ఇక్కడికీ వచ్చాయి. మద్రాసు ప్రభుత్వం 1879లో చేసిన నీలగిరి వేట, చేపల సంరక్షణ చట్టం కాపాడదలచిన జంతువుల జాబితాలో కుందేలు కూడ ఉన్నది. స్వతంత్ర భారతంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేడు కుందేలు వేట నిషిద్ధం. కనుక బండి దీపం వెలుగులో కుందేలును కొట్టడం ఇంగ్లాండు రైతుకు పైరు కాపాడుకోవడమైతే, మన ఊళ్ళో అది శిక్షార్హమైన నేరం. అక్కడ దానిని ఆపుతున్నది ఆస్తిహక్కు. ఇక్కడ ఆపుతున్నది జంతువు బ్రతకాలన్న తలంపు. రెంటినీ ఒకే గాటన కట్టరాదు. బొరియ కుందేలు కూడ తన పుట్టింటిలో, స్పెయిను పోర్చుగల్ దేశాలలో, నేడు అంతరించే ప్రమాదంలో ఉన్న జంతువుగా నమోదైంది. ఒకచోట పీడ, ఒకచోట ఆస్తి, ఒకచోట కాపాడవలసిన ప్రాణి.

ఇన్ని పేర్లు మారినా ఆ జంతువు స్వభావం వెయ్యేళ్ళలో ఇసుమంత కూడ మారలేదు. చీకటి పడితే మేతకు వస్తుంది, అలికిడైతే ఇంటికి పరుగెడుతుంది. మారినదల్లా భూమి ఎవరి చేతిలో ఉన్నదో వారి అవసరం. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని మొండివానిని మనం ఎగతాళి చేస్తాం. 1671లోనూ, 1723లోనూ, 1828లోనూ పార్లమెంటులో కూర్చున్న భూస్వాములు చెప్పినదీ ఆ మాటే. నాలుగో కాలు చూసినవాడు పొలంలో ఉన్నాడు. అతనికి ఓటు లేదు.